పేదవాడి గుట్టు ఊరందరి సొత్తా?

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. లంకంత ఇల్లు వున్నవాడు తన గుట్టు కాపాడుకోవడానికి ప్రహరీగోడ కట్టుకుంటాడు, గేటు పెట్టుకుంటాడు, కుక్కను కట్టేసుకుంటాడు. ఒంటినిట్టాడి పాకలో కాపురం వుండేవాడికి గోడా లేదు, గేటూ లేదు. అతని జబ్బు, అతని అప్పు, అతని కూతురి సంగతి అన్నీ ఊరి నోట్లోనే నానుతుంటాయి. "లేనివాడికి దాచుకోవడానికి ఏముంటుంది?" అని తేలిగ్గా అనేసే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ వున్నారు.

వ్యక్తిగత గోప్యత అన్న మాట పట్నాలవారిదనీ, చదువుకున్నవారిదనీ మనలో చాలామంది అభిప్రాయం. కూడు, గుడ్డ, గూడు లేనివాడికి గోప్యత ఎందుకు అన్నది వారి వాదన. ఇటువంటి వాదన సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. కర్ణాటక హైకోర్టు జడ్జిగా పనిచేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ విషయమై వేసిన కేసులో, గోప్యత అనేది కలిగినవారి ముచ్చట అన్న ధోరణిలో వాదించారు. తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఆ మాటను తోసిపుచ్చి, గోప్యత ప్రతి పౌరుడి ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. తీర్పు ఢిల్లీలో వెలువడింది. అది మన రచ్చబండ దాకా వచ్చిందా అన్నదే ఇప్పటి ప్రశ్న.

గోప్యత అందరికీ అవసరమే గాని, బలహీనుడికి ఇంకా ఎక్కువ అవసరం. కలిగినవాడి సంగతి బయటపడితే నాలుగు రోజులు చెప్పుకుంటారు, అయిదో రోజు మళ్లీ నమస్కారం పెడతారు. లేనివాడి సంగతి బయటపడితే పని పోతుంది, అద్దె ఇల్లు పోతుంది, కుదిరిన సంబంధం తప్పిపోతుంది. ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది.

రిజిస్టరులో ఎక్కిన తెగ

దీనికి సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మన జిల్లాలోనే బాపట్లకూ చీరాలకూ మధ్య స్టూవర్టుపురం వున్నది. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దానిని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఫలానా తెగవారు పుట్టుకతోనే నేరస్థులని సర్కారు ప్రకటిస్తే చాలు. ఆ తెగవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. వేళకు వచ్చి హాజరు పలకమనవచ్చు. అనుమతి చీటీ లేనిదే పొలిమేర దాటవద్దనవచ్చు.

ఉప్పు, ధాన్యం ఊరూరా తిప్పి అమ్ముకుంటూ, బుట్టలు అల్లుకుంటూ బతికే ఎరుకలవారు ఆ రిజిస్టర్లలో ఎక్కారు. రైళ్లు వచ్చి వారి వ్యాపారాన్ని దెబ్బతీస్తే, ఊరూరా తిరిగే మనుషులు గనుక అనుమానించదగినవారని సర్కారు తేల్చింది. 1913 ప్రాంతంలో వారిని కూర్చి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంటుకు, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో వున్న హెరాల్డ్ స్టూవర్ట్ దొర పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం.

ఆ రిజిస్టరులో వున్న మనిషి దొంగతనం చేశాడా, లేదా అన్నది ఎవరికీ అక్కరలేకపోయింది. పేరు వుంటే చాలు, ఎక్కడ ఏ దొంగతనం జరిగినా ముందు అతని తలుపు తట్టేవారు. మద్రాసు రాష్ట్రంలో ముందుగానే ఎత్తివేసిన ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. చట్టం పోయింది గాని, పేరుకు అంటిన మచ్చ పోలేదు. 1991లో "స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్" అంటూ సినిమా వచ్చింది. 2023లో కూడా ఆ ఊరి దొంగ కథ అంటూ మరో సినిమా వచ్చింది. ఆ ఊరి పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో వున్నా, ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చెయ్యి జేబు మీదికి పోతే ఆ తప్పు ఎవరిది? ఒక తెగ బతుకును సర్కారు పుస్తకంలో ఎక్కించి నలుగురి ముందూ పరచడం వల్ల వచ్చిన కీడు అది. రద్దయి డెబ్భయి ఏళ్లు దాటినా వదలని కీడు.

నిజాం ఏలుబడిలోనూ ఇదే తీరు. ఫసలీ 1329లో, అంటే 1919లో, అక్కడ హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వారి పేర్లు, వుండే చోట్లు రిజిస్టరులో రాయాలి. అందులో పేరున్నవారు ఆడవేషంతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. నిజాం రాజ్యం పోయింది. హైదరాబాదు రాష్ట్రం పోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ వేరుపడింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే వుండిపోయింది. చివరకు 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది వారి గోప్యతకూ గౌరవానికీ భంగకరమని చెప్పి కొట్టివేసింది. అదే తీర్పులో ఆసరా పింఛన్లు వారికి కూడా వర్తింపజేయాలని ఆదేశించింది.

పింఛను ఇవ్వాలన్నా జాబితా కావాలి గదా అని పాఠకులు అడగవచ్చు. కావాలి. కాని పోలీసు జాబితాలో పేరు ఎక్కించేది సర్కారు, పింఛను జాబితాలో పేరు రాయించుకునేది మనిషి. మొదటిది అతన్ని కొట్టడానికి, రెండోది అతనికి పెట్టడానికి. కనుక జాబితాలే వద్దని ఎవరూ అనడం లేదు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరెవరు చూస్తున్నారు అన్నవి అడగవలసిన ప్రశ్నలు. పెట్టడానికి రాసిన జాబితా కూడా నలుగురి చేతుల్లో పడితే కొట్టడానికి పనికివస్తుందన్న సంగతి మరువరాదు.

మందు దొరుకుతున్నా వెళ్లలేని వైనం

ఇప్పటి సంగతికి వద్దాం. హెచ్.ఐ.వి. సోకినవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2004 ఏప్రిల్ నుంచి ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఆ మందులు క్రమం తప్పకుండా వాడితే మనిషి అందరిలాగే పనిచేసుకుని బతకవచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే వున్నంతకాలం కాపురం చేసినా అవతలివారికి అంటదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. మందు వుంది, డబ్బు అక్కరలేదు. అయినా మధ్యలో మానేసేవారు వున్నారు. అడ్డుపడేది భయం. దగ్గరి ఆసుపత్రిలో తెలిసినవారు కనిపిస్తారని బస్సెక్కి దూరపు ఊరికి పోయేవారు వున్నారు. మందు డబ్బా మీది కాగితం చించి పారేసి, మాత్రలను వేరే సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చుకునేవారు వున్నారు. కూలి పోయి, చార్జీలు పెట్టుకుని నెలనెలా అంతదూరం తిరగడం ఎంతమందికి సాధ్యం?

మా ప్రాంతంలో ఒక వితంతువు వున్నది. ఊరు, పేరు రాయను. ఆమె మందుల పుస్తకం ఒకరి కంటపడింది. ఆ ఒక్కరు ఇంకొకరికి చెప్పారు. పదిహేను రోజుల్లో మిరపకోతల ముఠావారు ఆమెను పిలవడం మానుకున్నారు. చేలో మంచినీళ్ల చెంబు వేరుచేశారు. కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. ఆమె ఒంట్లో సత్తువ వుంది, మందులు పనిచేస్తున్నాయి. జబ్బు ఆమెను కూలికి దూరం చేయలేదు. జబ్బు పేరు దూరం చేసింది. ఆ ముఠాలో షుగరు వున్నవారు వున్నారు, బి.పి. వున్నవారు వున్నారు. వారి చెంబులు ఎవరూ వేరుచేయలేదు.

ఇందుకు చట్టం లేదా అంటే వుంది. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో వున్నది. ఆసుపత్రివారు గాని, వివరాలు దగ్గర వుంచుకునే మరే సంస్థ గాని రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టరాదు. పనిలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వారిపట్ల వివక్ష చూపరాదు. చట్టం ఇంత చక్కగా వుండగా, పింఛను క్యూలో నిలబడ్డ మనిషిని "నీది ఏ పింఛను?" అని పదిమందిలో గట్టిగా అడిగితే ఆ చట్టం ఏమైనట్టు?

"మరి పెళ్లాడబోయే పిల్ల గతి ఏమిటి? ఆమెకు కూడా చెప్పకూడదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1998లో ఇటువంటి కేసే సుప్రీంకోర్టుకు వచ్చింది. తనకు హెచ్.ఐ.వి. వున్న సంగతి ఆసుపత్రివారు బయటపెట్టడం వల్ల పెళ్లి ఆగిపోయిందని ఒకాయన పరిహారం కోరాడు. పెళ్లికూతురి ప్రాణం కన్నా ఆయన గుట్టు ఎక్కువ కాదని కోర్టు చెప్పింది. 2017 చట్టం దీనికి ఒక పద్ధతి ఏర్పరచింది. అవతలి మనిషికి ముప్పు వుందనిపిస్తే, ముందు రోగికి నచ్చజెప్పి, అప్పటికీ చెప్పకపోతే డాక్టరు లేదా కౌన్సెలరు మాత్రమే భార్యకో, భర్తకో తెలియజేయవచ్చు. అయితే సంగతి చెబితే భర్త కొడతాడనో, వెళ్లగొడతాడనో భయం వున్న ఆడవారి విషయంలో మినహాయింపు కూడా పెట్టారు. భార్యకు చెప్పడం వేరు, బజారుకు చెప్పడం వేరు అన్న తేడా చట్టానికి తెలుసు. మనకే తెలియకుండా పోతున్నది.

చెడిపోయేది ఎవరి పేరు?

ఆడపిల్లల సంగతి మరీ దారుణం. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద ముస్లిం మహిళపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులదే తప్పని తేల్చింది. కాని విచారణ సాగినన్నాళ్లూ రచ్చకెక్కింది పోలీసుల నడత కన్నా ఆమె నడతే. కేసును కర్ణాటకకు మార్చారు. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆనాటివారిని అడిగితే ఆమె పేరు ఇప్పటికీ ఠక్కున చెబుతారు. నిందితులైన పోలీసుల పేర్లు చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు.

అత్యాచార బాధితుల పేరు ప్రచురించడం నేరమంటూ 1983లో శిక్షాస్మృతిలో 228-ఎ సెక్షను చేర్చారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షను అయింది. రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. పేరే కాదు, పిల్ల ఎవరో పోల్చుకునే ఆనవాళ్లు కూడా ఇవ్వరాదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పట్నంలో పేరు రాయకపోతే చాలునేమో. పల్లెలో "ఫలానా పేటలో ఇంటరు చదివే పిల్ల, తండ్రి ట్రాక్టరు డ్రైవరు" అంటే ఇక దాచింది ఏముంది? పత్రికలవారికి ఈ జాగ్రత్త వుండాలి. ఆ పిల్ల ఫోటోను వాట్సాపులో ఒకరికొకరు పంపుకుంటూ జాలి కురిపించే కుర్రవాళ్లకు అంతకన్నా ఎక్కువ వుండాలి. పేరు బయటపడుతుందన్న భయంతో కేసే పెట్టని కుటుంబాలు ఎన్నో. ఆ భయమే నేరస్థుడికి శ్రీరామరక్ష. ముఖ్యంగా ఆ పిల్ల కూలివారి బిడ్డ, వాడు మోతుబరి కొడుకు అయినప్పుడు.

రెండో వైపు వాదన

గుట్టు ఎప్పుడూ మంచిదే అని చెప్పడం లేదు. "ఇది మా ఇంటి విషయం" అనే మాట వెనుక ఎందరు ఆడవాళ్లు దెబ్బలు తిన్నారో అందరికీ తెలుసు. అందుకే 2005లో గృహహింస చట్టం తేవలసి వచ్చింది. నాలుగు గోడల మధ్య జరిగినా హింస హింసే అని ఆ చట్టం చెప్పింది. అయితే అదే చట్టం, ఆమె కోరితే విచారణ మూసిన తలుపుల వెనుక జరపవచ్చని కూడా చెప్పింది. అంటే తలుపు తెరవాలా, మూయాలా అన్నది నిర్ణయించవలసినది దెబ్బతిన్న మనిషి. కొట్టినవాడు కాదు, చూడవచ్చినవారూ కాదు.

మరో వాదన వుంది. దాచుకున్నంతకాలం సిగ్గు పోదు, బయటికి వచ్చి తలెత్తుకు నిలబడితేనే లోకం మారుతుందని అంటారు. అదీ నిజమే. తమకు హెచ్.ఐ.వి. వున్నదని నిండుసభలో చెప్పి, తోటివారికి ధైర్యం నూరిపోసినవారు వున్నారు. వారికి చేతులెత్తి మొక్కాలి. అయితే వారు తమంత తాముగా చెప్పుకున్నారు. తనంత తాను చెప్పుకుంటే ధైర్యం. అదే సంగతి ఇంకొకడు చాటింపు వేస్తే అది దౌర్జన్యం.

ఇక గోప్యత ఒక్కటే పేదవాణ్ణి గట్టెక్కిస్తుందా? గట్టెక్కించదు. పల్లెలో ఎవరి కులం ఏమిటో, వుండే పేటను బట్టే తెలిసిపోతుంది. దాన్ని ఏ చట్టమూ దాచలేదు. అక్కడ కావలసినవి భూమి, చదువు, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం సక్రమంగా అమలు కావడం. గోప్యత కూడు పెట్టదు. కాని చేతికి వచ్చిన కూడును ఎవరూ లాక్కోకుండా కాపాడుతుంది. ఆ మాత్రం గోడ ప్రతి మనిషికీ అవసరం.

ఎవరి గుట్టు, ఎవరి లెక్క

విడ్డూరం ఏమంటే, మరుగున వుండవలసినది బజారున పడుతున్నది, బజారున వుండవలసినది మరుగున పడుతున్నది. 2018లో మన రాష్ట్రంలోనే గృహనిర్మాణ పథకం లబ్ధిదారులు సుమారు 1.3 లక్షల మంది ఆధార్ నంబర్లు, వారి కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలతో సహా ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరు పడితే వారు చూసేలా వున్నట్టు బయటపడింది. ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకోవడమే వారు చేసిన నేరమా?

మరోవైపు సమాచార హక్కు చట్టం సంగతి చూడండి. 2005లో వచ్చిన ఆ చట్టంలో, ప్రజల పనితో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే నిరాకరించవచ్చని వుండేది. ప్రజాప్రయోజనం వుంటే అదీ ఇవ్వాలని ఆ సెక్షనులోనే రాశారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పేరిట 2023లో చేసిన మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. ఇప్పుడు "ఇది వ్యక్తిగత సమాచారం" అనే ఒక్క ముక్కతో అర్జీని తిప్పికొట్టే వీలు కలిగింది. ప్రజాప్రయోజనం చూపి అడిగే దారి మరో సెక్షనులో మిగిలే వున్నా, ఆ వాదన చేయవలసిన బరువు అర్జీదారుడి నెత్తిన పడింది. రోడ్డు బిల్లు ఎవరు తిన్నారో, ఏ ఉద్యోగి మీద ఏ చర్య తీసుకున్నారో అడిగితే గోప్యత అంటారు. వితంతువు జబ్బు ఏమిటో మాత్రం క్యూలో అందరికీ వినిపించాలి.

లెక్కలు బయటపెడితే ఎంత మేలు జరుగుతుందో మన రాష్ట్రానికి తెలియనిది కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పనులపై సామాజిక తనిఖీలు జరిపి, మస్టర్లు గ్రామసభలో పైకి చదివి వినిపించిన పద్ధతికి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పేరు తెచ్చుకుంది. పనికి రానివారి పేరున కూలి రాసుకున్న సంగతులు అలా చదివినప్పుడే బయటపడ్డాయి. అక్కడ కూలివాడి పేరు చదివింది అతని కూలిని కాపాడడానికి. అతని జబ్బు చదవలేదు, అతని ఇంటి గొడవ చదవలేదు. గోప్యతకూ, పారదర్శకతకూ వైరం లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. సొమ్ము ప్రజలదైతే లెక్క బయట వుండాలి. ఒళ్లు మనిషిదైతే గుట్టు అతనిదే.

చేయవలసినది

ఇందుకు కోట్ల రూపాయల నిధులు అక్కరలేదు. సచివాలయం గోడ మీద లబ్ధిదారుల జాబితా పెట్టేటప్పుడు పేరు, పథకం మొత్తం చాలు. ఆధార్ నంబరు, ఫోను నంబరు, జబ్బు పేరు అక్కరలేదు. జబ్బును బట్టి ఇచ్చే పింఛన్లకు విడి జాబితా గోడకెక్కించరాదు. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాకు వేయడం అన్నిటికన్నా మేలు. ఆసుపత్రిలో చీటీ రాసేచోట రోగికీ, వెనుక నిలబడ్డవారికీ మధ్య నాలుగడుగుల దూరం వుండేలా ఒక గీత గీయడానికి ఎంత ఖర్చు? ఆశా కార్యకర్తలకు ఇచ్చే శిక్షణలో గోప్యత గురించి ఒక పూట కేటాయించడం కష్టమా?

ప్రజలు చేయగలిగినవి కూడా వున్నాయి. ఆధార్ జిరాక్సు ఎవరికైనా ఇచ్చేటప్పుడు దాని మీద ఎందుకు ఇస్తున్నదీ, తేదీతో సహా రాసి సంతకం పెట్టండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ కూడా దొరుకుతుంది. నెట్ సెంటరులో ఆ కాగితం తీయించుకుని, వీలున్నచోట అదే ఇవ్వండి. ఆడపిల్ల విషయాన్ని రచ్చబండ మీదికి లాగి, రాజీ పేరుతో పంచాయితీ చేసే పెద్దలకు అది వారి పని కాదని చెప్పండి. మీ చెవిన పడిన జబ్బు సంగతి మీ దగ్గరే ఆగిపోనివ్వండి. ఊరందరి నోళ్లు మూయించలేకపోవచ్చు గాని, మన నోరు మన చేతిలో వున్నది.

జిల్లా అధికారులు ఈ విషయంపై దృష్టి సారించి, పింఛన్ల పంపిణీలోనూ, ఆసుపత్రుల్లోనూ, జాబితాల ప్రకటనలోనూ పాటించవలసిన నియమాలను ప్రతి సచివాలయానికీ రాతపూర్వకంగా పంపవలసి వున్నది. రేషను స్టాకు, పనుల బిల్లులు, కాంట్రాక్టర్ల పేర్లు మాత్రం నిరభ్యంతరంగా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. వాటిని చదవడానికి ఊరంతా సిద్ధంగా వున్నది.